రేసులు మానేసిన గుర్రం ఫ్రీగా ఇస్తామంటున్నారు, రైడింగ్‌కి తీసుకోవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. చేవెళ్ల దాటాక రెండెకరాల ఫామ్‌హౌస్ ఉంది, రెండేళ్లుగా వీకెండ్స్‌లో రైడింగ్ స్కూల్‌కి వెళ్తున్నారు, క్యాంటర్ (నెమ్మది పరుగు) దాకా వచ్చింది. మలక్‌పేట రేస్ కోర్సులో తెలిసిన ట్రైనర్ దగ్గర ఆరేళ్ల బే గెల్డింగ్ (గోధుమ రంగు, కత్తెర వేసిన మగ గుర్రం) ఉంది, రేసుల్లో రేటింగ్ పడిపోయింది, కిందటేడు ఎడమ ముందు కాలు "కొంచెం వాచి తగ్గిపోయింది" అంట, డబ్బులేం వద్దు మంచిగా చూసుకుంటే చాలు తీసుకెళ్లండి అంటున్నారు. మీ పన్నెండేళ్ల పాప కూడా దాని మీదే నేర్చుకోవచ్చా, ఖర్చు ఎంత అవుతది అని కూడా అడిగారు.

సూటిగా చెప్తా. గుర్రం తీసుకోవచ్చు. కానీ మొదటి ఆరు నెలలు ఫామ్‌హౌస్‌లో వద్దు, రైడింగ్ స్కూల్లోనే పెట్టండి, పాపని దాని మీద ఎక్కించొద్దు, ఆ కాలికి స్కాన్ తీయించకుండా మాత్రం అవునని చెప్పొద్దు. రేస్ గుర్రాల్ని రైడింగ్‌కి మళ్లించడం నాకు చాలా ఏళ్లుగా పని, అందుకే ఎందుకో కూడా కొంచెం వివరంగానే రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ముందు ఆ ఫ్రీ సంగతి. రేస్ గుర్రం రెండేళ్ల వయసులో రేసులకి దిగుతది, చాలావాటికి ఐదారేళ్లకే కథ అయిపోతది, కానీ బతికేది మాత్రం పాతికేళ్లు, బాగా చూసుకుంటే ఇంకా పైనే. అంటే పనికొచ్చేది నాలుగేళ్లు, తినేది ఇంకో ఇరవై ఏళ్లు. గెలవని గుర్రానికి కూడా ఓనర్‌కి ప్రతి నెలా ట్రైనింగ్ బిల్లు, దాణా బిల్లు, డాక్టర్ బిల్లు వస్తూనే ఉంటాయి కాబట్టి ఎంత తొందరగా వెళ్లిపోతే అంత మంచిది అనుకుంటారు, ఇందులో తప్పు పట్టేదేం లేదు, చాలామంది నిజంగానే మంచి ఇల్లు దొరకాలని కోరుకుంటారు కూడా. మంచి పెడిగ్రీ ఉన్న ఆడ గుర్రాలు స్టడ్ ఫామ్‌కి పోతాయి, మిగిలినవాటిలో కొన్ని రైడింగ్ స్కూళ్లకి, కొన్ని పెళ్లి బరాత్‌లకి, కొన్ని టూరిస్టుల్ని తిప్పే దగ్గరికి. 2025 ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ దగ్గరికి లారీల్లో తరలించిన 57 గుర్రాల సంగతి పేపర్లో చదివే ఉంటారు, నెలల వ్యవధిలో పదికి పైగా చచ్చిపోయాయి, కోర్టు దాకా వెళ్లింది. అందుకని మీలాంటివాళ్లు ముందుకొస్తే నాకు సంతోషమే. కాకపోతే జాలితో తీసుకుని ఆరు నెలలకి ఇంకొకరికి అంటగడితే ఆ గుర్రానికి ఇంకో గండమే.

ఇక అసలు రిస్క్ ఎక్కడుందంటే, అందరూ రేస్ గుర్రం అంటే పిచ్చిది, ఆగదు, పడేస్తది అనుకుంటారు. పిచ్చిది కాదండి, దానికి వేరే పని నేర్పారు, చాలా బాగా నేర్పారు, అంతే. దానికి పదహారు పద్దెనిమిది నెలల వయసు నుంచీ మనిషిని మోయడం అలవాటు. కానీ ఎలా మోయడం? మీద కూర్చునే రైడింగ్ బాయ్ పొట్టి స్టిరప్స్‌తో (కాళ్లు పెట్టే రికాబులతో) పైకి లేచి ఉంటాడు, సీటు శాడిల్‌కి (జీనుకి) ఆనదు, కాళ్లు పొట్టకి తగలవు. అతను రెయిన్స్ (పగ్గాలు) రెండూ కలిపి గట్టిగా పట్టుకుంటే గుర్రం నోట్లో ఉండే బిట్ (కళ్లెం కడ్డీ) మీద ఆనుకుని స్పీడ్ పెంచుతది, రెయిన్స్ వదులు చేస్తే పని అయిపోయింది, నెమ్మదించొచ్చు అని దానికి అర్థం. మీకు స్కూల్లో నేర్పింది దీనికి పూర్తిగా ఉల్టా.

ఇప్పుడు ఇది ఊహించుకోండి, మీరు ఎక్కారు, పక్క పొలంలోంచి ఒక పంది ఉరికింది, గుర్రం రెండడుగులు గట్టిగా వేసింది, మీకు భయమేసింది. భయపడ్డ మనిషి ఏం చేస్తాడు, ముందుకి వంగుతాడు, మోకాళ్లతో బిగించి పట్టుకుంటాడు, రెయిన్స్ రెండూ లాగి పట్టుకుంటాడు. గుర్రానికి అది ఎలా వినిపిస్తదంటే "పద" అని. అది పోతది. మీరు ఇంకా గట్టిగా లాగుతారు, అది ఇంకా గట్టిగా పోతది. అక్కడ గుర్రం తప్పేం లేదు, చెప్పింది చేసింది. థరోబ్రెడ్ (రేసుల్లో పరిగెత్తే జాతి) ఫుల్ స్పీడ్‌లో గంటకి అరవై కిలోమీటర్లు దాటుతది, రెండెకరాల ఫామ్‌హౌస్‌లో ఆ స్పీడ్‌కి ఫెన్సింగ్ ఎంత దూరంలో ఉంటదో మీరే లెక్కేసుకోండి. అందుకే నేను ఫామ్‌హౌస్ వద్దు అంటున్నది. మంచి రైడర్ అలాంటప్పుడు వెనక్కి నిటారుగా కూర్చుని, ఊపిరి వదిలి, ఒక వైపు రెయిన్‌తో మెల్లగా సర్కిల్‌లోకి తిప్పుతాడు, సర్కిల్ చిన్నదవుతూ ఉంటే గుర్రం దానంతట అదే తగ్గుతది. చదవడానికి ఈజీ, ఒంట్లో రావాలంటే టైం పడతది.

చిన్న చిన్నవి ఇంకా చాలా ఉన్నాయి. రేస్ కోర్సులో జాకీని ఎవరో కాలు పట్టి లేపి పైకి ఎక్కిస్తారు, చాలాసార్లు గుర్రం నడుస్తుండగానే, కాబట్టి మౌంటింగ్ బ్లాక్ (ఎక్కడానికి వేసే మెట్టు) పక్కన కదలకుండా నిలబడాలి అన్న విషయమే దానికి తెలీదు, మీరు కాలు పెట్టగానే నడుస్తది, మీరు ఒంటికాలి మీద గెంతుతూ ఉంటారు. దీన్ని పొగరు అనుకుని కొట్టేవాళ్లని చూశా. అలాగే మీ కాలు పొట్టకి తగిలితే ఉలిక్కిపడతది, ఎందుకంటే అక్కడ ఎప్పుడూ ఏదీ తగల్లేదు. వంపులు తిరగడం, ఒకే స్పీడ్‌లో ట్రాట్ (నడకకీ క్యాంటర్‌కీ మధ్య వేగం) చెయ్యడం, ఒంటరిగా వేరే గుర్రాలు లేకుండా బయటికి వెళ్లడం, ఇవన్నీ కొత్తే. ఒక వైపు ఎక్కువగా తిరిగిన గుర్రాలు కదా, రెండో వైపు కర్రలా బిగుసుకుపోతాయి.

మా దగ్గర ఒక చెస్ట్‌నట్ మేర్ (ఎర్రటి ఆడ గుర్రం) ఉండేది, బంగారం లాంటిది, ఎరీనాలో ఎవరెక్కినా సరే. కానీ యార్డ్ ఇనుప గేటు టంగ్‌మని పడితే చాలు ఉన్నచోటు నుంచి బాణంలా ముందుకి దూకేది. ఎందుకో కొన్నాళ్లు ఎవరికీ అర్థం కాలేదు, మా పాత సయీస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) నవ్వి చెప్పాడు, స్టార్టింగ్ గేట్ తెరుచుకున్నట్టే కదా సాబ్ ఆ చప్పుడు అని. తర్వాత రోజూ ఆ గేటు పక్కనే దానికి గడ్డి వేసి, గేటు మెల్లగా తీస్తూ వేస్తూ ఉంటే కొన్ని వారాలకి చెవి కూడా కదిలించడం మానేసింది. మీ గుర్రానికి కూడా ఇలాంటిది ఏదో ఒకటి ఉంటది, అదేంటో ముందే తెలీదు.

ఇప్పుడు కాలు. "కొంచెం వాచి తగ్గిపోయింది" అన్న మాట దగ్గర నేను ఆగిపోయా. ముందు కాలి వెనక వైపు మోకాలికీ ఫెట్‌లాక్‌కీ (గిట్ట పైన ఉండే కీలుకీ) మధ్య వాపు వచ్చి ఉంటే అది చాలావరకు టెండన్ (కండని ఎముకకి కలిపే పట్టీ) దెబ్బ. గాలప్‌లో (ఫుల్ పరుగులో) ఒక్కో ముందు కాలి మీద గుర్రం బరువుకి దాదాపు రెండున్నర రెట్లు పడతది, ఆ టెండన్ సాగుతూ వెనక్కి లాగుతూ ఉండటంతో లోపల వేడి 45 డిగ్రీల దాకా పోతది, అందుకే రేస్ గుర్రాలకి అక్కడే తెగుతది. వాపు నెల రెండు నెలల్లో తగ్గుతది, కుంటడం ఇంకా ముందే పోతది, కానీ లోపల మానడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడతది, మానినా ముందున్నంత సాగే గుణం రాదు, మచ్చ కట్టినట్టు గట్టిపడతది, మళ్లీ తెగే ఛాన్స్ ఎప్పుడూ ఉంటది. చూడటానికి చెయ్యి పెట్టి చూస్తే సరిపోదు, అల్ట్రాసౌండ్ తీయాల్సిందే, రెండు ముందు కాళ్లకీ తీయండి, బాగున్న కాలితో పోల్చి చూడటానికి. స్కాన్ బాగా వస్తే వాకింగ్, ట్రాటింగ్, మామూలు హ్యాకింగ్ (బయట దారుల్లో షికారు), చిన్న ఫ్లాట్‌వర్క్‌కి (జంపులు లేని పనికి) అలాంటి గుర్రాలు ఏళ్ల తరబడి పని చేస్తాయి, చూశాను. పెద్ద జంపులు మాత్రం మర్చిపోండి.

స్కాన్‌తో పాటు ఫెట్‌లాక్స్, మోకాళ్లకి ఎక్స్‌రే, కాలు ముడిచి పట్టుకుని వదిలాక ట్రాట్ చేయించే ఫ్లెక్షన్ టెస్ట్, గట్టి నేల మీద సర్కిల్‌లో లంజింగ్ (పొడవాటి తాడు పట్టి చుట్టూ తిప్పడం) చేయించి చూడటం, వీపు నొక్కి చూడటం, ఇవి అన్నీ మీకు తెలిసిన డాక్టర్‌తో చేయించండి, ట్రైనర్ దగ్గర పని చేసే డాక్టర్‌తో కాదు. ఎవరినీ అనుమానించమని కాదు, పద్ధతి అది. అదే రోజు రక్తం తీసి పెయిన్ కిల్లర్, మత్తు మందు ఉన్నాయేమో చూడమనండి, బ్యూట్ (పెయిన్ కిల్లర్) మీద ఉన్న గుర్రం కుంటదు, ఏసీపీ (మత్తు మందు) ఇచ్చిన గుర్రం గొర్రెపిల్లలా నిలబడతది, మీరు ఇంటికి తీసుకొచ్చిన మూడో రోజు అసలు గుర్రం కనపడతది.

అన్నట్టు గుర్రం ఎందుకు రిటైర్ అయ్యింది అన్నదే సగం సమాధానం. నా లెక్కలో అన్నిటికన్నా మంచిది స్లో గుర్రం. రేసు వాళ్లకి దండగ, మనకి బంగారం, ఎందుకంటే పెద్దగా కష్టపడకుండానే ఇంటికొచ్చేసింది, కాళ్లు శుభ్రంగా ఉంటాయి. ముక్కు నుంచి రక్తం వచ్చి ఆపేసినవి, అంటే బ్లీడర్స్, మన లాంటి తేలిక పనికి చాలావరకు ఇబ్బంది పడవు. ఊపిరి పీలిస్తే గొంతులో చప్పుడు వచ్చేవి కూడా అంతే, నెమ్మది పనికి ఓకే. ఎనిమిది తొమ్మిదేళ్ల దాకా పరిగెత్తి ఇంకా కాళ్లు సరిగ్గా ఉన్నవి ఉంటాయి చూడండి, అలాంటివి గట్టి పిండాలు, దొరికితే వదలొద్దు. ఎందుకు ఆపేశారో ఎవరూ సరిగ్గా చెప్పనివి, జీను వేస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కొరకడానికి వచ్చేవి, వీపు నొప్పి ఉందేమో అనిపించేవి, వాటి జోలికి కొత్తవాళ్లు వెళ్లొద్దు. కత్తెర పడని మగ గుర్రం అసలు వద్దు. మీది గెల్డింగ్, ఆరేళ్లు, వెన్ను ఎముకలు పూర్తిగా గట్టిపడే వయసు కూడా అదే, ఆ వరకు మీ లక్ బాగుంది.

ఇంకో మాట, ట్రైనర్‌తో మాట్లాడారు బాగుంది, ఇప్పుడు ఆ గుర్రం సయీస్‌తో మాట్లాడండి. పొద్దున ట్రాక్ వర్క్ హడావిడిలో కాదు, మధ్యాహ్నం స్టేబుల్ సద్దుమణిగాక వెళ్లి, ఒక చాయ్ తాగించి, హిందీలోనో ఉర్దూలోనో మెల్లగా అడగండి, తిండి పూర్తిగా తింటదా, గర్త్ (జీనుకి పొట్ట కింద కట్టే పట్టీ) బిగిస్తే ఏం చేస్తది, నాల్‌బంద్ (నాడాలు కొట్టేవాడు) దగ్గర కాలు ఇస్తదా, చెక్క కొరికి గాలి మింగుతదా, తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ ఊగుతదా, లారీ ఎక్కుతదా, పక్క బాక్స్ గుర్రం వెళ్లిపోతే అరుస్తదా. ఇరవై నాలుగు గంటలూ దానితో ఉండే మనిషి అతనే, ఓనర్‌కి దాని రంగు తప్ప ఏమీ తెలీకపోవచ్చు.

కడుపు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "తీసుకొచ్చాక పిచ్చెక్కింది" అన్న సగం కేసులు ఇక్కడే తేలతాయి. గుర్రం కడుపులో యాసిడ్ తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటది, అందుకే అది రోజంతా కొంచెం కొంచెం గడ్డి నములుతూ ఉండాల్సిన జంతువు. రేస్ స్టేబుల్‌లో గడ్డి తక్కువ, ఓట్స్ ఎక్కువ, బాక్స్‌లో ఇరవై రెండు గంటలు, పైగా టెన్షన్. ట్రైనింగ్‌లో ఉన్న రేస్ గుర్రాల్లో నూటికి ఎనభై తొంభైకి కడుపులో అల్సర్లు ఉంటాయని ఎండోస్కోపీ చేసి చూసిన స్టడీలు చెప్పాయి. జీను బిగిస్తే చిరాకు, ఒళ్లు పట్టకపోవడం, వెంట్రుకలు కళ తప్పడం, ఇవన్నీ దానివల్ల కావచ్చు. డాక్టర్‌ని అడిగి ఒమెప్రజోల్ (యాసిడ్ తగ్గించే మందు) కోర్సు ఇప్పించండి, కానీ మందు కన్నా గడ్డి ముఖ్యం. అయిదువందల కిలోల గుర్రానికి రోజుకి ఎనిమిది నుంచి పది కిలోల ఎండుగడ్డి లెక్క, కొంచెం లూసర్న్ (ఒక రకం పశుగ్రాసం) కలిపితే ఇంకా మంచిది. వరిగడ్డి వేసి సరిపెడదాం అనుకోవద్దు, అందులో బలం లేదు, పేగులో ఉండ కట్టి కడుపునొప్పి తెస్తది. ఓట్స్ మెల్లగా తగ్గించండి, రెండు వారాలు పట్టనివ్వండి, ఒక్కసారిగా మారిస్తే కోలిక్ (ప్రాణం మీదికి తెచ్చే కడుపునొప్పి). కొంతమంది ఏం చేస్తారంటే పని ఏమీ చేయించకుండా రేసుల్లో పెట్టినంత దాణా పెడతారు, పైన ఉలవ గుగ్గిళ్లు, బెల్లం, ప్రేమ ఎక్కువై, మళ్లీ గుర్రం ఆగట్లేదు అని ఫోన్ చేస్తారు. ఎర్రమట్టి ఇసుక నేల మీద గడ్డి వేస్తే ఇసుక కూడా మింగుతది, తొట్లోనో రబ్బరు మ్యాట్ మీదో వేయండి, డాక్టర్లు అప్పుడప్పుడు ఇసబ్‌గోల్ ఇమ్మనేది అందుకే.

ఖర్చు అడిగారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. గుర్రం పని తెలిసిన సయీస్ జీతం, అతనికి గది, గడ్డి, దాణా, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి నాల్‌బంద్, టీకాలు, పురుగుల మందు అన్నీ వేసుకుంటే నెలకి పాతిక వేలకి తగ్గితే ఆశ్చర్యపోతా, అది కూడా ఏ జబ్బూ రాకపోతే. గిట్టల గురించి అదనంగా ఒక మాట, రేసులకి వేసేది పల్చటి అల్యూమినియం నాడా, థరోబ్రెడ్ గిట్ట అసలే పల్చన, మన దక్కన్ మొరం రాళ్ల మీద నాడా ఊడదీసి వదిలేస్తే రెండు రోజుల్లో కుంటుకుంటూ వస్తది. ఇనుప నాడా వేయించి, మడమ వైపు ఎత్తు రావడానికి కొన్ని నెలలు సరిచేయించుకుంటూ పోవాలి.

జబ్బుల్లో మన వైపు నేను ఎక్కువ భయపడేది సర్రాకి (రక్తంలో చేరే పరాన్నజీవి జబ్బు). జోరీగల వల్ల వస్తది, వానాకాలంలో ఎక్కువ, చుట్టుపక్కల గేదెల కొట్టాలు ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే గేదెల్లో బయటికి కనపడకుండా ఉంటది. జ్వరం వచ్చి పోతూ ఉంటది, తింటున్నా చిక్కిపోతది, కాళ్లకీ పొట్ట కిందా నీరు దిగుతది. రక్తం స్లైడ్ చూస్తే దొరకొచ్చు, దొరక్కపోతే మళ్లీ తీయాలి. పిడుదుల వల్ల వచ్చే బెబీసియా (అదీ రక్తంలో చేరే పరాన్నజీవే) ఇంకోటి. ధనుర్వాతం, రేబిస్ టీకాలు తప్పనిసరి, ఊళ్లో కుక్కలు ఉన్నాయి కదా. గ్లాండర్స్ (ఒక అంటుజబ్బు) టెస్ట్ లేకుండా గుర్రాన్ని కదిలించొద్దు, అది మనుషులకి కూడా అంటుకుంటది, మందు ఇచ్చి బాగుచేసే పద్ధతి లేదు, 2009 చట్టం కింద పాజిటివ్ వస్తే గుర్రాన్ని చంపేయాల్సిందే, హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఫైనల్ టెస్ట్ అవుతది. ఫామ్‌హౌస్ దగ్గర రాత్రి పన్నెండుకి కోలిక్ వస్తే గుర్రాలు చూసే డాక్టర్ ఎంత సేపట్లో రాగలడు అన్నది ఇప్పుడే కనుక్కోండి, మీ వైపు నుంచి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దగ్గరే, అది మీకు ప్లస్.

కాగితాలు. ట్రైనర్ గుర్రాన్ని ఇవ్వలేడు, ఓనరే ఇవ్వాలి, చాలా గుర్రాలకి ఇద్దరు ముగ్గురు పార్ట్‌నర్లు ఉంటారు, అందరి సంతకాలూ కావాలి. పాస్‌పోర్ట్‌లో ఉన్న మైక్రోచిప్ నంబరూ, సుడులూ మచ్చలూ గుర్రంతో సరిపోయాయా అని డాక్టర్‌తో చూపించండి. రేసుల నుంచి తప్పించాం, మళ్లీ రేసుకి వాడకూడదు అని రాయించుకోండి. కుదిరితే నెల రోజులు ట్రయల్, నచ్చకపోతే వాపస్ అని కూడా రాసుకోండి. బ్రిటన్‌లో 2000 నుంచి రేసింగ్ వాళ్లే డబ్బు పెట్టి ఇలాంటి గుర్రాల కోసం సంస్థ నడుపుతున్నారు, అమెరికాలో కెంటకీలో ఏటా కొత్తగా రేసులు మానిన గుర్రాలకి పది రకాల పోటీలు పెడతారు, అక్కడున్న మనవాళ్లకి అయితే దత్తత ఒప్పందం, వెనక్కి ఇచ్చే క్లాజు అన్నీ రెడీగా ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా పరిచయాల మీదే నడుస్తది కాబట్టి కాగితం మనమే అడగాలి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంత భయపెట్టాక మరి ఎందుకు తీసుకోవచ్చు అన్నావు అంటారేమో. ఎందుకంటే సరిగ్గా మళ్లిన థరోబ్రెడ్ లాంటి రైడింగ్ గుర్రం ఆ డబ్బుకి ఇంకెక్కడా దొరకదు. చిన్నప్పటి నుంచి రోజూ మనిషి చెయ్యి పడ్డ జంతువు అది, స్నానం, బ్యాండేజీ, ఇంజెక్షన్, నాల్‌బంద్, లారీ అన్నీ చూసేసింది. మలక్‌పేట అంటే పక్కన మెట్రో, రోడ్డు మీద హారన్లు, రేసు రోజున మైకులు, జనం, ఊళ్లో పెరిగిన గుర్రం బెదిరే సగం వాటికి ఇది కన్ను కూడా ఎత్తదు. ఊపిరి ఎక్కువ, అలిసిపోదు. అన్నిటికన్నా దాని బుర్ర. ఒకసారి మీ భాష అర్థమైతే తొడ బరువు కొంచెం మార్చినా వింటది, మీరు అడగబోయేది ముందే పట్టేస్తది, స్కూల్లో వంద మంది ఎక్కి మొద్దుబారిన గుర్రాల మీద నేర్చుకున్నవాళ్లకి ఆ తేడా మొదటిసారి తెలిసినప్పుడు మొహం చూడాలి. మీ వల్ల వచ్చే ప్రతి తప్పూ కూడా అంతే తొందరగా పట్టుకుంటది, అది వేరే సంగతి, కానీ మంచి రైడర్ అయ్యేది అలాంటి గుర్రాల మీదే. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జో ఫార్గిస్ జంపింగ్ గోల్డ్ గెలిచింది టచ్ ఆఫ్ క్లాస్ అనే మేర్ మీద, అది రేసుల్లో పేరు తెచ్చుకోలేకపోయిన థరోబ్రెడ్డే, ఒలింపిక్స్‌లో 91 అడ్డంకుల్లో 90 తగలకుండా దాటింది. రియో ఒలింపిక్స్‌లో బాయిడ్ మార్టిన్ ఎక్కిన బ్లాక్‌ఫుట్ మిస్టరీ కూడా ట్రాక్ నుంచి వచ్చిందే.

మొదటి నెలల్లో ఏం చెయ్యాలి అంటే, తక్కువ చెయ్యాలి. మొదటి మూడు నాలుగు వారాలు ఎక్కొద్దు. చేత్తో పట్టుకుని గడ్డి మేపండి, నడిపించండి, తర్వాత చిన్న పాడక్‌లో (కంచె వేసిన ఖాళీ స్థలంలో) వదలండి, వదిలే రోజు కాళ్లకి బూట్లు కట్టి, ముందు గడ్డి వేసి, పక్కనే ఒక ముసలి నెమ్మది గుర్రం ఉండేలా చూసుకుని వదలండి, ఏళ్ల తరబడి బాక్స్‌లో ఉన్నది ఒక్కసారి ఖాళీ స్థలం చూస్తే ఎగిరి దూకి కాలు విరగ్గొట్టుకోగలదు. ఒంటరిగా ఎప్పుడూ ఉంచొద్దు, ఇంకో గుర్రం లేకపోతే కనీసం మేక అయినా ఉండాలి, ఇది కూడా ఫామ్‌హౌస్ వద్దనడానికి ఇంకో కారణం. వచ్చిన కొత్తలో చాలా బుద్ధిగా ఉంటది, అది చూసి మురిసిపోకండి, రెండు మూడు వారాలకి కుదురుకున్నాక అసలు బుద్ధి బయటపడతది. కండలు కరిగి, పొట్ట దిగి, రెండు నెలలకి వచ్చినప్పటికంటే అధ్వాన్నంగా కనిపిస్తది, అందరూ ఏంటి గుర్రం ఇలా అయ్యింది అంటారు, పట్టించుకోవద్దు. తర్వాత గ్రౌండ్‌వర్క్, లంజింగ్ చిన్న సర్కిల్స్‌లో కాకుండా పెద్దగా, ఎక్కువసేపు కాకుండా, లాంగ్ రెయిన్స్ (వెనక నడుస్తూ పొడవు పగ్గాలతో తోలడం), మౌంటింగ్ బ్లాక్ దగ్గర నిలబడటం. ఎక్కడం మొదలుపెట్టాక నెలల తరబడి నడక, మెలికలు, నేల మీద పోల్స్ దాటడం, ట్రాట్. క్యాంటర్ అన్నిటికన్నా ఆఖర్న, అదీ ముందు మీ ఇన్‌స్ట్రక్టర్ చేశాకే, దానికి క్యాంటర్ అంటే గుర్తొచ్చేది రేసే కాబట్టి. రేసు శాడిల్ ఆనిన వీపు వేరు, మన శాడిల్ వేరు, కండ మారిన కొద్దీ శాడిల్ మళ్లీ మళ్లీ సరిచూసుకోండి, వీపు నొప్పి పెట్టి మంచి గుర్రాన్ని చెడగొట్టేది ఎక్కువగా అదే.

పాప విషయం. బ్రష్ చెయ్యనివ్వండి, హెల్మెట్ పెట్టుకుని మీరు పక్కన ఉండగా నడిపించనివ్వండి, తాడు చేతికి చుట్టుకోవద్దని వందసార్లు చెప్పండి. ఎక్కడం మాత్రం స్కూల్లో తను ఇప్పుడు ఎక్కుతున్న గుర్రమే. రెండు మూడేళ్ల తర్వాత, గుర్రం మళ్లీ పాఠాలు నేర్చుకుని, పాప కూడా గట్టిపడ్డాక చూద్దాం, అప్పుడు ఇదే గుర్రం తనకి బాగా కుదరొచ్చు. పిల్ల ఏడ్చినా ఇందులో మెత్తబడొద్దు. మీరు కూడా మొదటి ఆరు నెలలు ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఎక్కొద్దు, ఒంటరిగా అయితే అసలు వద్దు.

ట్రైనర్‌కి ఈ వారం ఫోన్ చేసి స్కాన్‌కి ఒప్పుకుంటారా అని మాత్రం అడగండి, ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి, గుర్రాలకి కొదవలేదు, వింటర్ సీజన్ అయ్యాక ఇంకా చాలా బయటికొస్తాయి. ఒప్పుకుంటే రిపోర్ట్ పెట్టండి, టెండన్ అడ్డకోత ఫోటోలు రెండు కాళ్లవీ కావాలి నాకు. తీసుకురావడం కూడా ఏప్రిల్, మే ఎండల్లో వద్దు, తప్పనిసరైతే తెల్లారుజామున నాలుగింటికి ఫ్లోట్ (గుర్రాల్ని తరలించే బండి) బయల్దేరేలా చూడండి.